ఇరవై ఏడు అవుట్ల బేరం

పర్లాకిమిడిలో గానీ గుణుపురంలో గానీ సాయంత్రం పూట ఏ ఖాళీ జాగా చూసినా టెన్నిస్ బంతి క్రికెట్టే. బేస్‌బాల్ బ్యాటు చేత్తో పట్టుకున్న మనిషి ఈ ఒడిశా సరిహద్దు ఊళ్లలో దొరకడం కష్టం. కానీ బేస్‌బాల్ సిమ్యులేషన్ లీగుకి, అంటే ఆటగాళ్ల అంకెలతో మ్యాచ్‌లు పుట్టించే ఆటకి, మైదానం అక్కర్లేదు, బ్యాటూ అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, అది లేకపోతే మూడు పాచికలూ ఓ కట్ట కార్డులూ చాలు. మేడ మీద గదిలో పదిమంది కూడి, తలో జట్టుకీ యజమానులై కూర్చుంటే లీగు మొదలైనట్టే. ఆ పదిమందీ క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లయితే మొదటి వేలంలో ఏం జరుగుతుందో ముందే చెప్పేయొచ్చు. భారీ షాట్లు కొట్టేవాడి కోసం ఎగబడతారు. బంతులు వదిలేస్తూ ఓపిగ్గా నిలబడేవాడి పేరు వచ్చినప్పుడు టీ తాగుతూ ఉంటారు.

ఇది తెలివితక్కువతనం కాదు, అలవాటు. టీ20లో జట్టు చేతిలో 120 బంతులు, పది వికెట్లు ఉంటాయి. చాలా ఇన్నింగ్స్‌లలో బంతులే ముందు అయిపోతాయి, వికెట్లు మిగిలిపోతాయి. అందుకే బంతి వృథా చేసేవాడిని చూస్తే మనకి ఒళ్లు మండుతుంది. బేస్‌బాల్‌లో బంతులకి లెక్కే లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు అవుట్లు, మొత్తం 27. అవి పూర్తయ్యేదాకా ఎంతమందైనా బ్యాటు పట్టుకుని రావచ్చు, ఒకే ఆటగాడు అయిదారు సార్లు కూడా రావచ్చు. జట్టు జేబులో ఉన్న డబ్బంతా ఆ 27 అవుట్లే. బ్యాటర్ వచ్చిన ప్రతి మూడుసార్లలో రెండుసార్లకి పైగా అందులోంచి ఒకటి ఖర్చవుతుంది. ఖర్చు కాకుండా ఆపినవాడే సంపాదనపరుడు.

కాగితం మీద ఇద్దర్ని పెట్టి చూడాలి. ఇద్దరూ సీజన్‌లో 600 సార్లు బ్యాటింగ్‌కి వచ్చారు. మొదటివాడి బ్యాటింగ్ సగటు .290, అంటే వాక్‌లు పోగా ప్రతి వెయ్యిసార్లలో 290 హిట్లు (బంతి కొట్టి బేసు చేరడం). వాక్‌లు 25. వాక్ అంటే, పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే మొదటి బేసు. నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు. రెండోవాడి సగటు .255 మాత్రమే, వాక్‌లు మాత్రం 85. వేలంలో మొదటివాడి ధర రెండోవాడికి రెట్టింపు పలుకుతుంది, సందేహం లేదు. ఇప్పుడు లెక్క కట్టండి. వాక్‌లు పోగా మొదటివాడికి మిగిలినవి 575, వాటిలో హిట్లు 167. మొత్తం 192 సార్లు బేసు చేరాడు, 408 సార్లు అవుటయ్యాడు. రెండోవాడికి 515లో 131 హిట్లు. 216 సార్లు బేసు చేరాడు, 384 సార్లు అవుటయ్యాడు. తేడా 24 అవుట్లు. మూడు అవుట్లు తక్కువగా ఒక పూర్తి మ్యాచ్ అంత బ్యాటింగ్‌ని ఆ రెండోవాడు జట్టుకి అదనంగా ఇచ్చాడన్నమాట.

హిట్‌కి విలువ ఎక్కువ కాదా అని అడగొచ్చు, న్యాయమే. సింగిల్‌కి, అంటే బంతి కొట్టి మొదటి బేసు చేరడానికి, వాక్ కన్నా విలువ ఎక్కువ, అప్పటికే బేసుల మీదున్న రన్నర్లు ఇంకాస్త ముందుకి పోతారు కాబట్టి. బేస్‌బాల్ గణాంకకారులు ఎన్నో ఏళ్ల ఆటల్ని జల్లెడ పట్టి తేల్చిన తూకాలు ఇంచుమించు ఇలా ఉంటాయి: వాక్ 0.3 పరుగు, సింగిల్ 0.47, డబుల్ (రెండో బేసు దాకా) 0.77, హోమ్ రన్ (నాలుగు బేసులూ చుట్టేసే షాట్) 1.4. అవుట్ అయితే పావు పరుగుకి పైగా నష్టం. పైన చెప్పిన ఇద్దరికీ డబుల్స్, హోమ్ రన్లు సమానమే అనుకుని ఈ తూకాలు వేస్తే, రెండోవాడే ఏడెనిమిది పరుగులు ముందుంటాడు. పది పరుగులకి ఒక గెలుపు అన్నది ఆ ఆటలో మోటు లెక్క. సగం ధరకి దొరికినవాడు దాదాపు ఒక గెలుపు ఎక్కువ తెచ్చాడు.

దీనికి హద్దు ఎక్కడో చూడాలంటే 2004లో భారీ హిట్టర్ బారీ బాండ్స్ అంకెలు చూడాలి. ఆ ఏడు అతనికి 232 వాక్‌లు వచ్చాయి, అందులో 120 పిచ్చర్లు కావాలనే ఇచ్చినవి. బేసు చేరిన శాతం .609. బ్యాటు భుజం మీంచి దించకుండానే ప్రత్యర్థిని కంగారు పెట్టాడు. అలాంటివాడు వేలంలో వస్తే ఎవరైనా కొంటారు, అది తెలివి కాదు. అతని నీడలో ఉండే .360 వాళ్లని పట్టడమే తెలివి.

సిమ్యులేషన్ అనే మాట కింద రెండు మూడు రకాల ఆటలు కలిసిపోతుంటాయి, ముందు వాటిని విడదీయాలి. ఫాంటసీ లీగు వేరు. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు మొదలుపెట్టిన రోటిసరీ పద్ధతిలో నిజం మ్యాచ్‌లలో ఆటగాళ్లు ఆ రోజు చేసిన పరుగులు, దొంగిలించిన బేసులే (బ్యాటర్ కొట్టకుండానే రన్నర్ పరిగెత్తి చేరుకున్నవి) మన ఖాతాలో పడతాయి. సిమ్యులేషన్‌లో నిజం మ్యాచ్‌తో పని లేదు. ఆటగాడి సామర్థ్యాన్ని కార్డు మీదో ఫైల్లోనో అంకెలుగా మార్చి, పాచికలో కంప్యూటరో కొత్త మ్యాచ్‌ని పుట్టిస్తాయి. అమెరికాలో ఏపీబీఏ కార్డుల ఆట 1951 నుంచీ ఉంది, స్ట్రాట్-ఓ-మాటిక్ 1961 నుంచీ ఉంది. కంప్యూటర్‌లో అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ 1999లో వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్ లీగులు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. ఫాంటసీలో దొంగిలించిన బేసుకి విడిగా పాయింట్లుంటాయి, సిమ్యులేషన్‌లో అది పరుగుగా మారితేనే విలువ. ఫాంటసీ పట్టికలు ముందేసుకుని సిమ్యులేషన్ వేలానికి కూర్చునేవాడు వరి విత్తనం సంచితో జీడితోటకి వెళ్లినట్టే.

పాచిక చెప్పే సంగతి

కంప్యూటర్‌లో ఆడేవాళ్లయినా ఒక్కసారి పాచికల ఆటని దగ్గరగా చూడడం మంచిది. ఇంజన్ మూత తీసి చూసినట్టుంటుంది.

స్ట్రాట్-ఓ-మాటిక్‌లో మూడు పాచికలు వేస్తారు. ఒక పాచిక విడిగా రంగులో ఉంటుంది. అందులో 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులో ఆ వరస చూడాలి. 4, 5, 6 పడితే పిచ్చర్ కార్డు చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 వరకూ, ఆ వరసలో ఏ గడియో చెబుతుంది. ఆ గడిలో ఏం రాసి ఉంటే అదే జరిగింది: హోమ్ రన్, వాక్, స్ట్రైకౌట్ (బంతి కొట్టలేక మూడుసార్లు తప్పి అవుటవడం), షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) వైపు బంతి.

మన ఇళ్లలో అష్టాచెమ్మా ఆడిన పిల్లలకి ఇందులోని కిటుకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగు గవ్వలు వేస్తే రెండు ఊరికే పడుతుంది, అష్ట పడాలంటే దేవుడికి మొక్కుకోవాలి. గవ్వ రెండు వైపులా సమంగా పడుతుందనుకుంటే పదహారింటిలో ఆరుసార్లు రెండు, ఒక్కసారే అష్ట. రెండు పాచికల్లో కూడా అంతే. మొత్తం 7 రావడానికి 36లో ఆరు దారులున్నాయి, 12 రావడానికి ఒకటే. కాబట్టి కార్డులో మొదటి వరస 7 దగ్గర వాక్ రాసి ఉన్నవాడికి 600 బ్యాటింగ్‌లలో ఆ ఒక్క గడి నుంచే పదహారు పదిహేడు వాక్‌లు వస్తాయి. అదే వాక్ 12 దగ్గర ఉంటే మూడు కూడా రావు. కొత్తవాళ్లు కార్డు మీద హోమ్ రన్ అన్న మాట ఎన్నిసార్లు కనిపిస్తే అంత గొప్ప అనుకుంటారు. ఎన్నిచోట్ల ఉందని కాదు, ఎక్కడెక్కడ ఉందని చూడాలి. 6, 7, 8 గడులు రోడ్డు పక్క పొలాలైతే 2, 12 కొండ మీద చెక్కలు.

ఈ మొదటి పాచిక ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఫలితాల్లో సగం బ్యాటర్ కార్డు నుంచి, సగం పిచ్చర్ కార్డు నుంచి. ఎంత గొప్ప బ్యాటర్‌ని కొన్నా సగంసార్లు అతని కార్డు తెరవనే తెరవరు. ఒక్క పేరుకి పర్సంతా ఊడ్చిపెట్టేముందు ఈ సంగతి గుర్తుండాలి.

పిచ్చర్ కార్డులో కొన్ని గడుల్లో ఫలితం ఉండదు, ఫీల్డర్ పేరు ఉంటుంది. ఆ ఫీల్డర్ ఎంత మంచివాడో చూసి అవుటో హిట్టో తేలుస్తారు. ఆ గడుల్లో ఎక్కువ వాటా షార్ట్‌స్టాప్‌ది, తర్వాతి వాటా రెండో బేసు వాడిది. మొదటి బేసు వాడికీ ఎడమ అంచు ఫీల్డర్‌కీ అక్కడక్కడా తగులుతాయి. అంటే మధ్యలో నిలబడే ఆ ఇద్దరి చేతుల్లో నాసిరకం వాళ్లని పెడితే, పిచ్చర్ సంపాదించిన అవుట్లు వాళ్ల వేళ్ల మధ్యనుంచి జారిపోతాయి. 27 అవుట్ల లెక్క రెండువైపులా కోసే కత్తి. మనవి నెమ్మదిగా ఖర్చవ్వాలి, అవతలివాళ్లవి త్వరగా ఖర్చవ్వాలి. మొదటి సీజన్ యజమాని సగం సగమే చూస్తాడు. అవతలివాళ్ల అవుట్ల మాట అతనికి తట్టదు.

కంప్యూటర్ ఆటల్లో కూడా అడుగున ఇదే సూత్రం. 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే పరిశోధకుడు ఒక వాదన చేశాడు. హోమ్ రన్ కాని బంతి బ్యాటుకి తగిలి మైదానంలో పడ్డాక, అది హిట్ అవుతుందా లేదా అన్నదాంట్లో పిచ్చర్ల మధ్య తేడా అందరూ అనుకునేంత ఉండదని అతని మాట. అప్పట్లో చాలామంది నవ్వారు, తర్వాత చిన్న చిన్న సవరణలతో ఒప్పుకున్నారు. పిచ్చర్ చేతిలో గట్టిగా ఉన్నవి మూడే: స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్ రన్లు. వీటితోనే కట్టిన ఎఫ్ఐపీ అనే కొలతలో హోమ్ రన్‌కి 13, వాక్‌కి 3, స్ట్రైకౌట్‌కి మైనస్ 2 తూకం వేస్తారు. వేలంలో పిచ్చర్‌ని కొనేటప్పుడు పోయిన ఏడు అతను ఇచ్చిన పరుగుల సగటు కాకుండా ఈ మూడూ చూసేవాడు ముందుంటాడు. సగటు బాగుండి ఈ మూడూ బాగోనివాడు వేరే జట్టు ఫీల్డర్ల కష్టాన్ని తన పేరు మీద రాయించుకున్నవాడు.

ఏ చోటికి ఎంత

స్థానాలన్నీ ఒక్కటి కావు. బేస్‌బాల్ గణాంకకారుడు బిల్ జేమ్స్ గీసిన డిఫెన్సివ్ స్పెక్ట్రమ్, అంటే ఫీల్డింగ్ కష్టాన్ని బట్టి స్థానాల వరస, ఒక మెట్లదారి లాంటిది. కింద మొదటి బేసు, ఆపైన ఎడమ అంచు, కుడి అంచు, మూడో బేసు, సెంటర్ ఫీల్డ్, రెండో బేసు, అన్నిటికన్నా పైన షార్ట్‌స్టాప్. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఈ వరసలో పడడు, అదో ప్రత్యేక వృత్తి. వయసు పెరిగే కొద్దీ ఆటగాడు మెట్లు దిగుతాడు. షార్ట్‌స్టాప్ మూడో బేసుకి పోవచ్చు, మూడో బేసు వాడు మొదటి బేసుకి పోవచ్చు. ఎక్కడం అరుదు. అందుకే 25 హోమ్ రన్లు కొట్టే మొదటి బేసు వాళ్లు మార్కెట్లో నలుగురైదుగురు దొరుకుతారు, అదే పని చేసే షార్ట్‌స్టాప్ ఒక్కడుంటే గొప్ప. ఇద్దరి అంకెలూ ఒకటే అయినా విలువ ఒకటి కాదు. కొలవాల్సింది అతను ఎంత కొట్టాడన్నది కాదు, అతను లేకపోతే అదే చోట ఉత్తపుణ్యానికి దొరికేవాడికన్నా ఎంత ఎక్కువ కొట్టాడన్నది.

"ఏటి బావా, ఆ ఒకటో బేసు వోడికి అంత పెట్టీసినావేటి?" అని పక్కవాడు వెక్కిరించే సన్నివేశం ప్రతి వేలంలోనూ ఉంటుంది. బావ చెప్పే జవాబు కూడా మారదు: "కొడతాడు గదరా." కొడతాడు, నిజమే. కానీ అలా కొట్టేవాళ్లు ఇంకా ముగ్గురు వేలానికి రావాల్సి ఉంది.

క్యాచర్ గురించి ఒక మాట, ఎందుకంటే జట్లు ఎక్కువగా ఓడేది అక్కడే. మోకాళ్ల మీద కూర్చుని ఆడే పని కాబట్టి సీజన్‌లోని 162 మ్యాచ్‌లూ ఒకడే ఆడలేడు, ఆడిస్తే కంప్యూటర్ ఆటల్లో అలసట లెక్కకొచ్చి బ్యాటింగ్ పడిపోతుంది. అంటే నలభై మ్యాచ్‌లు రెండో క్యాచర్‌వే. జట్టులో నాలుగో వంతు క్యాచింగ్ చేసేవాడిని వేలం చివర్లో, నిద్రమత్తులో, కళ్లు మూసుకుని కొంటారు.

దీనికి పూర్తి విరుద్ధం క్లోజర్. ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చి మూడు అవుట్లు తీసి చేతులు కలిపి వెళ్లే పిచ్చర్. సేవ్ అనే గణాంకాన్ని (ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచ్చర్‌కి దక్కేది) 1969లో అధికారికంగా చేర్చాక ఈ పనికి గ్లామర్ వచ్చింది. సీజన్‌లో జట్టు వేయాల్సిన ఇన్నింగ్స్ 162ని తొమ్మిదితో హెచ్చిస్తే 1,458. క్లోజర్ వేసేవి అరవై, డెబ్బయి. నూటికి అయిదు కూడా కావు. అవి కీలకమైన ఇన్నింగ్సే, కాదనలేం, అందుకని రెట్టింపు తూకం వేసినా నూటికి పదికి మించవు. క్రికెట్‌లో చివరి ఓవర్ వేసేవాడి మీద మనకున్న భక్తి ఇక్కడ డబ్బు తగలేయిస్తుంది. మధ్య ఇన్నింగ్స్ వేసే అనామకుల్లో స్ట్రైకౌట్లు బాగున్నవాడిని ఒక్క రూపాయికి కొని, అతన్నే ఆఖర్న పంపితే చాలు.

బ్యాటింగ్ వరసని గురించి జరిగే చర్చలకి మాత్రం అంత స్థాయి లేదు. ఒక్కో మెట్టు కిందికి దిగితే సీజన్‌లో పద్దెనిమిది బ్యాటింగ్‌లు తగ్గుతాయి, 162ని తొమ్మిదితో భాగిస్తే వచ్చేది అదే. కాబట్టి బేసు చేరేవాళ్లు ముందుండాలి, అంతే. మిగతాది కబుర్లు.

ఎడమ, కుడి సంగతి కొంచెం పెద్దదే. ఎడమచేతి బ్యాటర్ కుడిచేతి పిచ్చర్‌ని బాగా ఆడతాడు, అటుదిటు కూడా అంతే. పిచ్చర్లు వేసే ఇన్నింగ్స్‌లో ఇంచుమించు మూడొంతులు కుడిచేతి వాళ్లవే. అందుకని కుడిచేతి పిచ్చర్లని మాత్రమే బాగా కొట్టే ఎడమచేతి వాడు చవకగా దొరుకుతాడు, అతనికి జోడీగా ఎడమచేతి పిచ్చర్లని కొట్టే కుడిచేతి వాడు ఇంకా చవక. ఇద్దర్నీ కలిపి ఒక చోట ఆడిస్తే ఒక మంచి ఆటగాడు తయారవుతాడు, ఖర్చు సగం. రెండువైపులా కొట్టగల స్విచ్ హిట్టర్‌కి ఈ బాధ లేదు. పర్లాకిమిడి కిరాణా కొట్టువాడు ఒక ఖాతాదారుతో ఒడియాలోనూ, మరుక్షణం పక్కవాడితో తెలుగులోనూ బేరమాడినట్టు అతను ఎవరొస్తే వాళ్లకి తగ్గట్టు నిలబడతాడు. అయితే అలాంటి చాలామందికి ఒక వైపు బాగా తక్కువ ఉంటుంది. కార్డు రెండు వైపులా చూడకుండా కొనకూడదు.

మైదానం ఎత్తు కూడా లెక్కే. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తున, అంటే దాదాపు 1,609 మీటర్ల మీద ఉంది. కొరాపుట్ జిల్లాలో, ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. దేవమాలి నెత్తి మీద గుడారం వేసి ఆడుతున్నట్టు ఊహించుకుంటే డెన్వర్ ఆట అర్థమవుతుంది. గాలి పలచన, బంతి ఇంకా దూరం పోతుంది, వంపు తిరగాల్సిన బంతి సరిగ్గా తిరగదు. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు 37 అడుగుల గోడ ఉంది, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కుడి మూల 314 అడుగులే. సిమ్యులేషన్ లీగులో మైదానం కూడా ఎంచుకునే వీలుంటే దాన్ని ఆటగాళ్లకన్నా ముందు ఎంచుకోవాలి. డెన్వర్ లాంటి చోట ఆడిన బ్యాటర్ అంకెల్ని అక్కడి గాలి తీసేసి చూడాలి, అక్కడ నలిగిపోయిన పిచ్చర్‌ని చవకగా కొనాలి.

సంతలో నిలబడడం

రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంత. నియమగిరి దిగి వచ్చే డొంగ్రియా కొంధుల పసుపు, అనాస, అల్లం కోసం వ్యాపారులు పొద్దున్నే కాచుకుని ఉంటారు. ఏ సంతలోనైనా పొద్దుటి ధర ఒకటి, మధ్యాహ్నం ధర ఒకటి, జనం బస్సులకి బయల్దేరే వేళ ధర ఇంకొకటి. లీగు వేలానికి కూడా అలాగే మూడు పూటలుంటాయి.

మొదటి పూట అందరి పర్సులూ నిండుగా, తలలు వేడిగా ఉంటాయి. పేరు పిలిచే వంతు వచ్చినప్పుడు తనకి కావాల్సినవాడి పేరు చెప్పడం అమాయకత్వం. పదిమందీ ఇష్టపడే పేరు, అదీ తనకి అక్కర్లేని స్థానంలోది పిలవాలి. క్లోజర్, పేరున్న మొదటి బేసు వాడు, ముప్పై మూడేళ్లు దాటిన పాత హీరో. వాళ్లు కొట్టుకుని డబ్బు ఖాళీ చేసుకుంటారు. రెండో పూట, నాలుగో వంతు వేలం దాటాక, అసలు కొనుగోలు. షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డర్, రెండో బేసు, ఇద్దరు గట్టి పిచ్చర్లు. మూడో పూట చాలామంది దగ్గర చిల్లరే ఉంటుంది, అప్పుడు పది రూపాయలు మిగిలినవాడే రాజు. అయితే మరీ ఎక్కువ మిగుల్చుకుని చివర్న కొనడానికి ఎవరూ లేక చేతులు ఊపుకుంటూ పోయేవాళ్లూ ప్రతి లీగులో ఒకరిద్దరుంటారు. పొదుపు కూడా మితంగా ఉండాలి.

2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ దాదాపు నాలుగు కోట్ల డాలర్ల జీతాలతో 103 మ్యాచ్‌లు గెలిచింది. పన్నెండున్నర కోట్ల డాలర్ల వరకూ ఖర్చు పెట్టిన న్యూయార్క్ యాంకీస్ కూడా ఆ ఏడు సరిగ్గా 103 గెలిచింది. బేసు చేరే శాతాన్ని ఎవరూ పట్టించుకోని రోజుల్లో వాళ్లు దాన్ని కొన్నారని అందరూ ఆ కథ చెబుతారు. కథలో చెప్పని సగం ఏమిటంటే, రహస్యం బయటపడ్డాక ఆ సరుకు ధర పెరిగిపోయింది. మేడ మీద పదిమంది లీగులో కూడా ఇది రెండో సీజన్‌కే జరుగుతుంది. ఓపిక గల బ్యాటర్లతో ఒకడు గెలవగానే మర్నాడు అందరూ వాక్‌ల గురించే మాట్లాడతారు. అప్పుడు చవకగా మిగిలేవాళ్లు మంచి ఫీల్డర్లు, కొట్టడం రాని గొప్ప సెంటర్ ఫీల్డర్లు, హోమ్ రన్లు ఇవ్వని నెమ్మది పిచ్చర్లు. అవుట్ ధర మారదు. దాన్ని ఎటువైపు నుంచి చవకగా కొనొచ్చన్నదే ఏటేటా మారుతుంది.

పరస్పరం ఆటగాళ్లని మార్చుకునేటప్పుడు ఒక బరువైన సూత్రం ఉంది. ఇద్దరికి ఒకడు అన్న బేరంలో, ఆ ఒక్కడిని తీసుకున్నవాడే సాధారణంగా లాభపడతాడు. మైదానంలో చోట్లు పరిమితం కదా, ఖాళీ అయిన రెండో చోటులో ఉచితంగా దొరికేవాడిని నిలబెట్టొచ్చు. ఇద్దరు మధ్యస్థుల్ని తీసుకున్నవాడు ఒకణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వస్తుంది. అలాగని ఈ బేరాన్ని మితిమీరి ఆడితే చిన్న ఊరి లీగులో పరపతి పోతుంది. "ఆడితోటి ఇచ్చిపుచ్చుకోడాలు వొద్దురా" అన్న పేరు ఒకసారి పడితే తర్వాత మూడు సీజన్లు ఫోన్ ఎత్తేవాడు ఉండడు.

యువ ఆటగాళ్ల విషయంలో సంయమనం అవసరం. బ్యాటర్లు ఎక్కువగా 26 నుంచి 29 ఏళ్ల మధ్య శిఖరం మీద ఉంటారు. ఇరవై ఏళ్ల పిచ్చర్ రేటింగ్ ఎంత మెరుస్తున్నా మోచేతి స్నాయువు ఎప్పుడు తెగుతుందో తెలియదు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేసిన శస్త్రచికిత్స తర్వాత ఆ గాయంతో వృత్తి ముగిసిపోవడం చాలావరకు ఆగింది గానీ, కోలుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. కంప్యూటర్ ఆట కూడా అదే క్రూరత్వంతో ఉంటుంది. కాబట్టి బ్యాటర్ కుర్రాళ్లని పెంచుకోవాలి, పిచ్చర్ కుర్రాళ్లని పేరు రాగానే అమ్మేయాలి.

జట్టుని మొత్తంగా పడగొట్టి మళ్లీ కట్టాలనుకుంటే సగం సగం కుదరదు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 మ్యాచ్‌లు ఓడి, 2017లో టైటిల్ కొట్టింది. ఆ టైటిల్ మీద తర్వాత సైగల దొంగతనం (ప్రత్యర్థి క్యాచర్ పిచ్చర్‌కి చేసే సైగల్ని దొంగచాటుగా పసిగట్టడం) మచ్చ పడింది, సిమ్యులేషన్‌లో కనీసం ఆ గొడవ లేదు. ఏటా 78 గెలుపుల దగ్గర వేలాడే జట్టుకి మాత్రం టైటిలూ రాదు, మంచి కుర్రాళ్లూ రారు.

దొంగిలించే బేసులు, బంట్‌లు (బ్యాటు అడ్డం పెట్టి బంతిని మెల్లగా దగ్గర్లో పడేయడం) చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బేసులు ఖాళీగా, ఎవరూ అవుట్ కాని స్థితిలో ఆ ఇన్నింగ్స్‌లో సగటున అర పరుగు వస్తుంది. ఎవరూ అవుట్ కాకుండా మొదటి బేసు మీద ఒకడుంటే దాదాపు 0.87 పరుగు. బంట్ చేసి ఒక అవుట్ ఇచ్చి అతన్ని రెండో బేసుకి పంపితే అది 0.67కి పడుతుంది. అవుట్ అమ్ముకుని తొంభై అడుగులు, అంటే ఒక బేసు దూరం, కొన్నామన్నమాట, నష్టానికి. బేసు దొంగతనం కూడా నూటికి డెబ్బయి, డెబ్బయ్యైదు సార్లు సఫలమైతే తప్ప లాభం ఇవ్వదు. 1982లో రికీ హెండర్సన్ 130 బేసులు దొంగిలించి రికార్డు పెట్టాడు. అదే ఏడు 42 సార్లు దొరికిపోయాడు, అదీ రికార్డే. సఫలం నూటికి డెబ్బయ్యారు. చరిత్రలో అంత పెద్ద దొంగ కూడా ఆ ఏడు లాభనష్టాల గట్టు మీదే నడిచాడంటే, మామూలు కాళ్లున్నవాడిని ఎందుకు పరిగెత్తించాలి?

కరెంటు, గాయాలు, అదృష్టం

ఆన్‌లైన్ లీగులో మనం కూర్చుని ప్రతి మ్యాచ్‌నీ నడపం. ఆటగాళ్ల వరస, ఎవరు ఎప్పుడు విశ్రాంతి, ఎవరికి దెబ్బ తగిలితే ఎవరు, ఇవన్నీ నింపి ఫైలు గడువులోగా పంపాలి. తర్వాత వారం మ్యాచ్‌లు యంత్రం ఆడేస్తుంది. ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలోనూ ఉద్దానంలోనూ రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద ఉపద్రవం రాకపోయినా వర్షాకాలంలో ఈదురుగాలికి ఒక రాత్రి కరెంటు పోతే చాలు, గడువు దాటుతుంది. అందుకే ప్రతి స్థానానికీ రెండో పేరు, మూడో పేరు ఎప్పుడూ నింపి ఉంచడమే జట్టు నిర్మాణంలో భాగం. 26 మంది జట్టులో రెండు మూడు చోట్ల ఆడగల మనిషి ఒకడు బెంచీ మీద లేకపోతే, షార్ట్‌స్టాప్‌కి దెబ్బ తగిలిన మర్నాడు యంత్రం తన ఇష్టమొచ్చినవాడిని నిలబెట్టి పది మ్యాచ్‌లు ఆడించేస్తుంది.

ఇన్ని చేసినా అదృష్టం పాత్ర తీసిపారేసేది కాదు. 2001లో సియాటిల్ మెరినర్స్ 116 గెలిచి ప్లేఆఫ్‌లో యాంకీస్ చేతిలో 4-1 తేడాతో ఇంటికి పోయింది. 162 మ్యాచ్‌లు ఆడితే తూకం నిజానికి దగ్గరగా వస్తుంది, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో పాచిక తన ఇష్టం. అదృష్టం ఎంతో, బలం ఎంతో విడదీయడానికి బిల్ జేమ్స్ ఇచ్చిన సూత్రం సులువు. కొట్టిన పరుగుల్ని వర్గం చేసి, కొట్టిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం మొత్తంతో భాగిస్తే ఆ జట్టు గెలవాల్సిన శాతం వస్తుంది. 800 కొట్టి 700 ఇచ్చిన జట్టు 92 మ్యాచ్‌ల దాకా గెలవాలి.

2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 712 పరుగులు కొట్టి 705 ఇచ్చింది, అంటే సగం సగం జట్టు. కానీ 93 గెలిచింది. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 29 గెలిచి తొమ్మిదే ఓడింది. మరుసటి ఏడు అలాంటి మ్యాచ్‌లలోనే 20 గెలిచి 31 ఓడింది.

ఇదే బొమ్మ మేడ మీది లీగులో జూలై చివర, ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసే రాత్రి కనిపిస్తుంది. ఒక జట్టు 105 మ్యాచ్‌లలో 55 గెలిచి 50 ఓడింది. ఊపు మీదుంది, ఇంకో బ్యాటర్‌ని కొంటే టైటిలే అని అందరూ ఎక్కిస్తున్నారు. కొట్టిన పరుగులు 470, ఇచ్చినవి 490. సూత్రం ప్రకారం గెలవాల్సింది యాభై. మిగిలిన 57లో అదే బలంతో ఆడితే 27 వస్తాయి, మొత్తం 82 దగ్గర సీజన్ ఆగుతుంది. ఆ అయిదు అదనపు గెలుపులకీ కారణం తనే అని క్లోజర్ పేరు లీగంతా మారుమోగుతోంది. అలాంటి రాత్రి క్లోజర్ కోసం పక్క జట్టు నుంచి ఫోన్ వస్తే, అవతల ఉన్న ఇరవై రెండేళ్ల షార్ట్‌స్టాప్ కుర్రాడి పేరు అడిగి, కరెంటు ఉండగానే ఫైలు పంపేయడమే పని.